ఇత్తడి అతుకు

ఎలియాజర్ తుప్పును చెవితో పట్టేవారు. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవరు పిడితో రేకు మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయేవారు. మంచి రేకు కంగుమంటుంది. రంగు కింద తుప్పు తిన్న చోట ఆ కంగు చచ్చిపోయి, తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు వినిపిస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టేవారు. 1990 అక్టోబరులో ఒక శనివారం పొద్దున, మెల్‌బోర్న్ శివారు నోబుల్ పార్కులో, మా ఇంట్లో కారు నిలిపే రేకుల కార్‌పోర్టు కింద, ఆ పొడుగాటి స్టేషన్ వ్యాగన్ కారు చుట్టూ ఆయన తట్టుకుంటూ తిరిగి లేచేసరికి బండి నిండా సుద్దగీతలే. గీత లేని చోటు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇంత తుప్పు పట్టినదాన్ని ఎట్టా తెచ్చారండీ?" అన్నాను.

"పట్టబట్టే మనకిచ్చారు. బాగున్నదాన్ని మనకెందుకిస్తారు?" అని మోకాళ్లు దులుపుకుంటూ నవ్వారు.

ఆయన నా భర్త. 1993 జూన్‌లో గుండెపోటుతో పోయారు. మా తెలుగు సంఘంలో ఇప్పుడు ఎవరైనా ఆయన్ని తలుచుకుంటే మంచి మనిషంటారు, కీర్తన బాగా ఎత్తుకునేవాడంటారు. మెకానిక్ అని ఎవరూ అనరు. ఆ ఒక్క మాట అనిపించుకోవడానికి ఆయన రెండేళ్లు ఆ కార్‌పోర్టు కింద పడ్డ పాటు నేను చూశాను.

బాపట్ల నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. నేను అందులో నర్సును. ఎలియాజర్ అక్కడి గ్యారేజీకి పెద్ద. గ్యారేజీ అంటే తాటాకు పాక, బండి కిందికి దిగడానికి ఒక గొయ్యి, రెండు పెట్టెల పనిముట్లు. అమెరికాలో ఎక్కడో ఒక సంఘం వాళ్లు చందాలు పోగుచేసి పంపిన షెవర్లే స్టేషన్ వ్యాగన్ మద్రాసు రేవులో దిగి మా కాంపౌండుకు వచ్చింది. వారమంతా అందులో పురిటినొప్పుల వాళ్లూ పాము కరిచిన వాళ్లూ వచ్చేవారు. ఆదివారం అదే బండిలో ఆసుపత్రి నడిపే అమెరికన్ మిషనరీ దొరగారు, పాస్టర్లు, హార్మోనియం ఊళ్లకు పోయేవారు. సముద్రపు గాలికి మూడేళ్లలోనే దాని రేకుకు చిల్లులు పడ్డాయి. చీరాలలో లారీలకు బాడీలు కట్టే మస్తాన్ సాయిబు దగ్గరికి ఎలియాజర్ సైకిలు మీద పోయి ఇత్తడి పని నేర్చుకొచ్చారు.

చిరిగిన చొక్కాకు మాసిక వేసినట్టే ఆ పని. కొత్త రేకు ముక్క కోసి చిల్లు మీద పెట్టి, గ్యాస్ మంటతో రెండింటినీ ఎర్రబడేదాకా కాచి, ఇత్తడి కడ్డీ ఆనించాలి. ఇనుము కరగదు. ఇత్తడి కరిగి సందులోకి పారి, ఆరాక రెండింటినీ పట్టుకుని ఉంటుంది. దొరగారు నెలకోసారి టార్చిలైటు తీసుకుని ఆ గోతిలోకి దిగి బండి అడుగంతా చూసేవారు. అతుకు మీద తారు పూసి కనబడకుండా చేయడం ఆయనకు గిట్టదు. దాచిన అతుకు అబద్ధంతో సమానమనేవారు. అందుకని ఎలియాజర్ బండి అడుగున తన అతుకుల్ని ఆకురాయితో రుద్ది, మెరుస్తూ అలాగే వదిలేసేవారు. ఆ అలవాటు ఆయన వెంట ఇక్కడికీ వచ్చింది.

1974లో మేం మెల్‌బోర్న్ వచ్చాం. మమ్మల్ని రప్పించింది నా నర్సింగు. ఆయన నా వెంట వచ్చారు. దొరగారు అమెరికా తిరిగిపోతూ స్వయంగా రాసిచ్చిన ఉత్తరాన్ని ఆయన బైబిల్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. బయటి దేశాల్లో నేర్చిన పనికి గుర్తింపు ఇచ్చే ఆఫీసులో, బల్ల అవతలి మనిషి ఆ ఉత్తరాన్ని మర్యాదగా రెండుసార్లు చదివాడు. అందులో ఉన్నది ఇంతే: "ఎలియాజర్ నమ్మకస్థుడు. మద్యం ముట్టడు. ప్రార్థనాపరుడు. అతని పోషణలో ఉన్న ఏ వాహనమూ మమ్మల్ని దారిలో వదిలేయలేదు."

"చాలా మంచి ఉత్తరం" అన్నాడతను. "ఏ ఇంజన్లు విప్పారు, ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారు, అది ఎక్కడుంది?"

అది ఎక్కడా లేదు. మా కాంపౌండులో మంచి ఉత్తరమంటే మనిషి ఎలాంటివాడో చెప్పే ఉత్తరం. పని గురించి రాయించుకోవాలని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. దొరగారికి మళ్లీ రాస్తే, ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని దొరసాని గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

అలా నా కాగితాలు చెల్లాయి, ఆయనవి చెల్లలేదు. డాండినాంగ్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పదహారేళ్లు కదిలే పట్టీ ముందు నిలబడి, తలుపుల అంచులకు రబ్బరు తొడిగారు. ఏం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే "మోటారు ఫీల్డండీ" అనేవారు. 1990 జూలైలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆయనకు యాభై రెండేళ్లు. ఆ ఏడు ఊళ్లో ఎక్కడ చూసినా మూతపడుతున్నవే గానీ తెరుస్తున్నవి లేవు.

సుబ్బరాజు గారు లేకపోతే ఆ వ్యాగన్ కథే లేదు. మా స్నేహితులు, వాళ్లది భీమవరం వైపు. ఇక్కడ రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపులో ఇంజనీరు. ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, కేరమ్ డౌన్స్‌లో గుడికి పోతుంటే దారిలో ఒక షెడ్డు కనబడిందనీ, అందులో ఒక ముసలాయన పాత అమెరికన్ కార్లు బాగుచేసి అమ్ముతున్నాడనీ చెప్పారు. "మీరు దొరల బండి చూసుకున్నోరు కదండీ. అక్కడ మీ బండి లాంటివి నాలుగైదు ఉన్నాయండి. ఓసారి ఎళ్లి అడిగితే పోలా?"

మర్నాడు ఎలియాజర్ వెళ్లారు. ఆ ముసలాయన పేరు కెవ్. ఎలియాజర్ దొరగారి ఉత్తరం తీయబోతే వద్దని చెయ్యి అడ్డంపెట్టాడట. "కాగితాలు చూసి నేను మనిషిని పెట్టుకోను. మొదట్నుంచి చివరిదాకా నువ్వొక్కడివే బాగుచేసిన బండి ఒకటి తెచ్చి చూపించు. రోడ్‌వర్తీ పాసైన బండి. అప్పుడు రేపట్నుంచే రమ్మంటాను."

రోడ్‌వర్తీ అంటే ఈ బండి రోడ్డెక్కవచ్చని పరీక్ష చేసి ఇచ్చే కాగితం. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. "చూశావా అమృతం, పదహారేళ్లు సర్టిఫికెట్టు నన్నడిగారు. ఈయన బండినడుగుతున్నాడు. బండికి నేను తెప్పిస్తా."

షెవర్లేలు మా అందుబాటులో లేవు. క్రాన్‌బర్న్ దాటాక ఒక పాడిరైతు షెడ్డులో 1964 నాటి రాంబ్లర్ అనే అమెరికన్ వ్యాగన్ దొరికింది. పదేళ్లుగా అందులో కోళ్లు కాపురముంటున్నాయి. సుబ్బరాజు గారే తన కారుకు తాడు కట్టి లాక్కొచ్చారు.

"ఏవండోయ్ ఎలియాజర్ గారూ, బండి కొన్నారా, కోళ్లఫారం కొన్నారా?"

"రెండూనండీ రాజుగారూ. గుడ్లు మీకు, బండి నాకు."

"ఆయ్! వాసన ఎవరికండీ మరి?"

"వాసన అమృతానికి" అన్నారు నావైపు చూడకుండా.

మా అబ్బాయి మార్క్ అప్పుడు యూనిలో, అంటే యూనివర్సిటీలో, రెండో ఏడు. చేతులు జేబుల్లో పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, "డాడ్, దట్స్ ఎ బాంబ్" అన్నాడు. డొక్కు కారును ఇక్కడ అలా అంటారు.

"బాంబే రా. పేలకుండా చేసేవాణ్ణి నేనున్నాగా" అన్నారాయన.

"సీరియస్లీ డాడ్, సర్వోలో జాబ్ ఉంటే చూసుకోవచ్చు కదా" అన్నాడు వాడు. మాట కటువుగా ఉన్నా తెలుగులో అన్నాడు. వాడు తెలుగులో మాట్లాడటమే అరుదు. పెట్రోలు బంకులో పెట్రోలు పోయమని కొడుకు అంటే ఆయన సుద్దముక్క అందుకున్నారు.

ఇంజను ఆయనకు ఒక లెక్క కాలేదు. క్రిస్మస్‌కు ముందే విప్పి, కడిగి, మళ్లీ బిగించి నడిపించారు. చప్పుడు వినడానికి పక్కింటివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. నిరుద్యోగ భత్యం కోసం రెండు వారాలకోసారి నింపే ఫారంలో వృత్తి అన్న గడి ఒకటుంటుంది. అంతవరకూ ఫ్యాక్టరీ కార్మికుడు అని రాసేవారు. ఆ జనవరి నుంచి మోటారు మెకానిక్ అని రాయడం మొదలుపెట్టారు.

తర్వాత రేకు పని. ఏడాది పైగా పట్టింది. నేను ఉదయం షిఫ్టు ముగించుకుని నాలుగింటికి వచ్చేసరికి కార్‌పోర్టు కింద నీలిమంట కనిపించేది. ఎండాకాలం ఆ రేకు కప్పు కింద మనిషి ఉడికిపోయేవారు. చేతుల మీద వెంట్రుకలు కాలిపోయి, ముంజేతులు నున్నగా తయారయ్యాయి. టీ తీసుకెళితే మంట ఆర్పి, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, నన్ను కింద కూర్చోబెట్టి ఒక్కొక్క అతుకూ చూపించేవారు. "ఇది చూడు. సందు యాడుందో చెప్పు చూద్దాం." నేను వేలితో తడిమినా తెలిసేది కాదు. పసుపు పచ్చని సన్నగీత కనబడితేనే అతుకని తెలియాలి. ఆసుపత్రిలో కుట్లు వేసే డాక్టర్లను ఎంతమందినో చూశాను. అంత సన్నటి కుట్టు చూడలేదు.

సుబ్బరాజు గారికి మాత్రం మొదట్నుంచీ ఆ ఇత్తడి నచ్చలేదు. ఒకరోజు బండి కింద పడుకుని చూసి లేచారు.

"ఎలియాజర్ గారూ, ఒక మాట చెప్తాను, ఏవనుకోకండే. మీ దొరల బండికి కింద వేరే చాసిస్ ఉంటది. పైన రేకు ఊడినా బండి నిలబడద్ది. దీనికి చాసిస్ లేదండి. ఈ తలుపుల కింద పొడుగునా ఉన్న డొల్ల దూలాలే దీనికి వెన్నెముక. ఇక్కడ ఇత్తడి పెడితే ఒప్పుకుంటారంటారా? మా వర్క్‌షాపులో కరెంటు వెల్డింగు కుర్రోళ్లున్నారు. నాలుగు రోజులు రండి, చూపిస్తారు."

"ఆ వెల్డింగు చూశానండీ. పల్చటి రేకుని కాల్చి వంకర చేసిద్ది. ఇత్తడి ఇనుముని కాల్చదు, బుజ్జగించిద్ది. దూలాలకి రెండు వరసలు పెట్టాను. ఏనుగెక్కినా ఆగిద్ది."

"ఆగదని నేనన్లేదండి బాబూ. రాసేవోడు రాస్తాడా అని."

"పని బాగుంటే ఎందుకు రాయడు?"

సుబ్బరాజు గారు నావైపు చూశారు. నేనైనా ఆ రోజు ఒక మాట అనాల్సింది. పదహారేళ్ల తర్వాత ఆ చేతులు మళ్లీ వాటి పనిలో ఉంటే, నాలుగు రోజులు కుర్రవాళ్ల దగ్గర నేర్చుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకోసారి మాత్రం, బాగా అలిసిపోయి ఉన్న రోజు, "మీకు పనొచ్చని నాకు తెలుసు. అది చాలదా?" అన్నాను.

"నీకు తెలిస్తే ఎట్టా? నువ్వు నా పెళ్లానివి" అన్నారు.

1992 ఫిబ్రవరి నాటికి బండికి రంగు పడింది. కింద లేత ఆకుపచ్చ, పైకప్పు మీగడ రంగు. సుబ్బరాజు గారు ఒక డబ్బా నల్లతారు తెచ్చి మా మెట్ల మీద పెట్టారు. "ఇక్కడందరూ అడుగున ఇదే కొడతారండి. తప్పేం కాదు, తుప్పు పట్టకుండా కొట్టేదే. ఇది కొట్టేస్తే ఎవడూ తొంగి చూడడు."

తారు పూయడం ఇక్కడ తప్పు కాదు. అది ఎలియాజర్‌కూ తెలుసు. ఆయన ఆ డబ్బా వైపు చాలాసేపు చూసి, "వద్దండీ. పని కోసం చూపించే బండి. పనే దాస్తే ఇంక చూపించేదేముంది?" అన్నారు. అడుగునున్న అతుకులన్నీ మళ్లీ ఒకసారి రుద్ది, రంగులేని వార్నీషు పూశారు. పరీక్ష చేసేవాడు బండిని పైకెత్తగానే ఒక్కొక్క అతుకూ కనబడాలని.

మార్చి రెండో వారంలో పరీక్ష. దానికోసం ఒక్కరోజుకు నడుపుకునే పర్మిట్ తీసుకున్నారు. నేను ఆ రోజు సెలవు పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. తెల్లచొక్కా వేసుకున్నారు. మా ఇంటి నుంచి ఆ గ్యారేజీకి ఆరేడు కిలోమీటర్లుంటుంది. దారిలో లైట్ల దగ్గర ఆగితే పక్క కారులోని ముసలామె అద్దం దించి, "ఎంత బాగుందో!" అంది. ఎలియాజర్ తల వంచి అందుకున్నారు. లైటు పచ్చబడినా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు.

గ్యారేజీలో కుర్రవాడొకడు బండిని పైకెత్తాడు. అడుగున పసుపు గీతలన్నీ ఒక్కసారి మెరిశాయి. వాడు కాసేపు చూసి, లోపలికెళ్లి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, ఈ చివర్నుంచి ఆ చివరికి నెమ్మదిగా నడిచాడు. ఎలియాజర్ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇదెవరు చేశారు?"

"నేనే."

"మొత్తం?"

"మొత్తం నేనే సార్."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత శుభ్రమైన ఇత్తడి పని నేను చూడలేదు" అన్నాడు. ఎలియాజర్ నవ్వబోతుండగానే, "కానీ నేను సంతకం పెట్టలేను. ఈ దూలాలు బండిని మోసేవి. వీటికి వెల్డింగే ఉండాలి, ఇత్తడి పనికిరాదు" అన్నాడు.

"సుత్తి తీసుకుని కొట్టి చూడండి సార్" అన్నారు ఎలియాజర్. "ఎక్కడైనా కొట్టండి. ఊడితే నేను మళ్లీ రాను."

"కొట్టినా కొట్టకపోయినా ఒకటే మిత్రమా. అక్కడ ఇత్తడి కనబడ్డాక నేను పాస్ రాయకూడదు."

ఇంజను, బ్రేకులు, స్టీరింగు, లైట్లు అన్నింటికీ సరే అని టిక్కులు పెట్టి, కింద ఒక్క వాక్యం రాసి కాగితం చేతికిచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడూ ఎలియాజరే నడిపారు. కార్‌పోర్టు కింద బండిని ఎప్పటిలాగే అటూ ఇటూ సమానంగా జాగా వదిలి నిలిపారు. తెల్లచొక్కా విప్పి నా చేతికిచ్చారు. దాని మీద ఎక్కడా మరక లేదు.

కెవ్‌కు ఆయనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆ ఆదివారం కెవ్ మా ఇంటికే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, డెబ్బై ఏళ్లుంటాయి. కోటు విప్పి నేల మీద పరుచుకుని దాని మీద వెల్లకిలా పడుకుని, బండి కిందికి జరిగాడు. చాలాసేపు బయటికి కాళ్లు మాత్రమే కనబడ్డాయి. నేను టీ చల్లారిపోతుందని మూతపెట్టాను.

బయటికొచ్చాక లేవకుండా అక్కడే కూర్చుని, "ఎలీ, మా నాన్న ఇలా చేసేవాడు" అన్నాడు. "ఆయన పోయాక ఈ చెయ్యి మళ్లీ ఇవాళే చూస్తున్నా."

"అయితే నన్ను పెట్టుకుంటారా?"

"నిన్ను పెట్టుకుంటే నువ్వు ఇదే చేస్తావు. నేను ఎవరికి అమ్మేది? రేపు ఎవడైనా గుద్దుకుని చస్తే ఇన్సూరెన్సువాళ్లు ముందు ఈ ఇత్తడినే చూస్తారు." కెవ్ నావైపు తిరిగి, ఆ మాట అన్నందుకు క్షమించమన్నట్టు తలూపాడు. "ఇదంతా కోసి తీసెయ్. మంచి ఇనుము వచ్చేదాకా కోసి, వెల్డింగు చేసి, మళ్లీ పిలువు. నేనెక్కడికీ పోను."

టీ తాగాడు. వెళ్తూ వెళ్తూ బండి కప్పు మీద అరచేత్తో రెండుసార్లు నిమిరాడు.

ఏప్రిల్ నుంచి ఎలియాజర్ తన పనిని తానే కోయడం మొదలుపెట్టారు. ఏడాది పాటు ఒక్కొక్క అంగుళం నీలిమంట దగ్గర కూర్చుని అతికినదాన్ని, గిర్రున తిరిగే రాయితో నిమిషాల్లో కోసేవారు. ఇత్తడి రజను కాంక్రీటు మీద పసుపు పొడిలా పడేది. నేను ఊడ్చేదాన్ని. సుబ్బరాజు గారు వర్క్‌షాపు నుంచి వెల్డింగు మెషిన్ అడిగి తెచ్చారు. ఇద్దరూ కలిసి మొదటి అతుకు వేశారు. పెనం మీద నీళ్లు పడ్డట్టు చిటపటమని చిమ్మింది. ఆరాక చూస్తే పొడుగునా వెంట్రుకంత పగులు.

"ఇత్తడి ఇనుములోకి ఇంకిపోయిందండీ" అన్నారు సుబ్బరాజు గారు. "పైన కోస్తే చాలదు. ఇంకో అంగుళం లోపలికి పోవాలి."

ఇంకో అంగుళం కోశారు. మళ్లీ పగిలింది. మళ్లీ కోశారు. ఎలియాజర్ రెండు వరసలు పెట్టారు కదా, ఆ ఇత్తడి దూలం లోపల ఎంత దూరం పారిందో ఎవరికీ తెలియదు. సందు లేకుండా పారించడమే ఆయన పనితనం. మే అయింది, జూన్ అయింది. బండి కింద ఇటుకలు, చెక్కదిమ్మెలు పెట్టి మోయించారు. కోసిన ముక్కలు గోడ పక్కన కుప్ప పడ్డాయి. ఒకసారి మార్క్ యూని నుంచి వచ్చి, ఆ కుప్పలోంచి ఒక ముక్క తీసి చూసి, "ఇట్స్ బ్యూటిఫుల్, డాడ్" అన్నాడు. ఆయన వినిపించుకున్నారో లేదో తెలియదు. వాడు ఆ ముక్కను మళ్లీ కుప్ప మీద మెల్లగా పెట్టి లోపలికి వచ్చేశాడు.

జూలైలో ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. బయట బండి తలుపు వేసిన చప్పుడు, తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు. ఐదారుసార్లయ్యాక వెళ్లి చూశాను. ముందు తలుపు పట్టడం లేదు. గొళ్లెం ఉన్న చోటికీ అది దూరాల్సిన చోటికీ రెండు వేళ్ల తేడా ఉంది. మధ్యలో బలం లేక బండి కుంగిపోయింది.

"దీని నడుం విరిగింది, అమృతం" అన్నారు.

"రాజుగారిని పిలవనా?"

"పిలిచి ఏం చేస్తావు?"

తలుపు మీది నుంచి చెయ్యి తీశారు. తర్వాత గ్యాస్ సిలిండర్ల మరలు రెండూ బిగించి, చేతులు కడుక్కుని, అన్నం పెట్టమన్నారు. పెడితే తినలేదు. కెవ్‌కు ఫోన్ చేయమని నేను రెండు మూడుసార్లు గుర్తుచేశాను. చేయలేదు. చివరికి నేనే చేసి, బండి కుంగిపోయిందని కెవ్‌కు చెప్పాను. "అతన్ని ఒకసారి వచ్చి పొమ్మను, ఊరికే, టీ తాగి పోవచ్చు" అన్నాడు. ఆ సంగతి చెప్పాను. ఎలియాజర్ ఆ షెడ్డు వైపు మళ్లీ వెళ్లలేదు.

ఆగస్టులో తుక్కు కొనేవాళ్ల లారీ వచ్చింది. ఎలియాజర్ బయటికొచ్చి, ఎక్కడ కొక్కెం తగిలిస్తే నిలుస్తుందో డ్రైవరుకు చూపించారు. "అక్కడొద్దు, అది ఆగదు. ఇక్కడ పట్టండి." డ్రైవరు సరే సరే అంటూనే తనకు వీలైన చోట తగిలించాడు. లాగేసరికి ముందుభాగం లేచింది, వెనకభాగం లేవలేదు. వెనక అద్దం పగిలి కార్‌పోర్టంతా పడింది. ఎలియాజర్ లోపలికొచ్చి రేడియో పెట్టుకున్నారు.

సెప్టెంబరులో దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో క్లీనింగ్ పని దొరికింది. పిల్లలు ఇళ్లకు పోయాక మూడు గంటల పని. శ్రద్ధగా చేసేవారు. తరగతి గదుల్లో చిన్న చిన్న కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి, తుడిచి, మళ్లీ దించేవారట. నిరుద్యోగ భత్యానికి ఆయన చివరి ఫారం ఆ నెలలోనే నింపారు. వృత్తి దగ్గర క్లీనర్ అని రాసి, సంతకం పెట్టి, పోస్టులో వేయమని నాకిచ్చారు. పనిముట్లన్నీ సుబ్బరాజు గారి వర్క్‌షాపు కుర్రవాళ్లకు ఇచ్చేశారు. సుబ్బరాజు గారు తీసుకోనని చాలా గొడవపడ్డారు. "మీరు తీసుకోకపోతే చెత్తబండిలో వేస్తానండీ" అంటే తీసుకెళ్లారు.

నవంబరులో రెండో ఆదివారం. మా తెలుగు ఆరాధన స్ప్రింగ్‌వేల్‌లో ఒక చర్చి హాలు అడిగి తీసుకుని జరిగేది. అది అయిపోయి, భోజనాలయి, అందరం బయటికొచ్చాం. కుసుమ అని కొత్తగా వచ్చిన నర్సు, ఏలూరు అమ్మాయి, తన కారు స్టార్టు కావడం లేదని కంగారు పడుతోంది. నాలుగింటికి ఆమెకు షిఫ్టు.

"భయమెందుకమ్మా, మనకి ఎలియాజర్ అంకుల్ ఉన్నారుగా" అన్నారు పాస్టరు గారి భార్య జ్ఞానప్రసూన గారు. "ఎలియాజర్ గారూ, ఓసారి చూడండి. అమెరికా కారుని తిరగేసి బోర్లేసిన మనిషికి ఇదెంత?"

ఆమె ఎత్తిపొడవలేదు. వ్యాగన్ ఏమైందో ఆమెకు సరిగా తెలియదు. కుసుమ అప్పటికే బానెట్ ఎత్తింది. నలుగురూ జరిగి ఆయనకు దారిచ్చారు.

"అంకుల్, ప్లీజ్ అంకుల్. తాళం తిప్పితే టిక్ టిక్ అంటోంది, అంతే."

ఎలియాజర్ బానెట్ దాకా వెళ్లారు. లోపలికి చూశారు. నేనూ చూశాను. బ్యాటరీ టెర్మినల్‌కు తెల్లగా, ఆకుపచ్చగా చిలుము పట్టి, తీగ వదులై పక్కకు వాలి ఉంది. ఒక మెకానిక్‌తో ఇన్నేళ్లు కాపురం చేసిన ఎవరికైనా తెలిసే సంగతి. రెండు నిమిషాల పని. చేత్తో గట్టిగా తిప్పి నొక్కినా అప్పటికి నడుస్తుంది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నాకు తెలవదమ్మా" అన్నారు. "నేను ఫ్యాక్టరీలో రబ్బర్లు తొడిగేవాణ్ణి. మెకానిక్‌ని కాదు. రోడ్డు సర్వీసు వాళ్లకి ఫోన్ చెయ్యి."

"అదేంటండీ ఎలియాజర్ గారూ, మీరే కదా..." అని జ్ఞానప్రసూన గారు ఏదో అనబోయి నా మొహం చూసి ఆగిపోయారు. ఎవరో హాల్లోకి వెళ్లి ఫోన్ చేసొచ్చారు.

వాళ్లు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. అందరూ నీడలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను ఆయన పక్కకు వెళ్లి, "చిలుమే కదండీ" అన్నాను మెల్లగా.

"నాకేం తెలుసు" అన్నారు, నావైపు తిరగకుండా.

రోడ్డు సర్వీసు పసుపు వ్యాన్‌లో వచ్చినతను తీగ బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్ది, మర బిగించి, తాళం తిప్పాడు. కారు స్టార్టయింది. కుసుమ "ఇంతేనా!" అని నవ్వి, అందరికీ థాంక్స్ చెప్పి, అంకుల్‌కూ థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

మా కారు ఎప్పుడూ ఆయనే నడిపేవారు. దాని దగ్గరికి వచ్చాక ఎలియాజర్ తాళాలు నా చేతిలో పెట్టారు. చుట్టూ తిరిగి వెళ్లి ఎడమవైపు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన ఉన్న ఏడు నెలలూ కారు నేనే నడిపాను.